పనికి ముందు పనిబల్ల

తెలుగులో ‘బల్ల’ అనే మాట చిత్రమైనది. దుంగనుండి కోసిన పలకా బల్లే, మనం కూర్చొని వ్రాసుకొనేదీ బల్లే, బడిలో పిల్లలు కూర్చొనేదీ బల్లే. ఇంగ్లీషులో ఈ మూడింటికీ వేర్వేరు పేర్లున్నాయి. వడ్రంగి ముందు నిలిచే పనిబల్లకు మాత్రం మన భాషలో స్థిరపడిన పేరంటూ లేదు. దాని అవసరం మనవారికి అంతగా కలగలేదు మరి! నేలమీద కూర్చొని, చెక్కను పాదాలతో అదిమిపట్టి చెక్కడం మన పాత పద్ధతి.

బస్తరులో ఆ పద్ధతి వైభవం నేటికీ కనిపిస్తుంది. జగదల్‌పూర్ దసరాకు నాంది మన ఆషాఢ అమావాస్యనాడే జరుగుతుంది. అక్కడివారి లెక్కలో అది శ్రావణ అమావాస్య. అడవినుండి తెచ్చిన గుగ్గిలపు మానును ఆనాడు పూజిస్తారు. తరువాత వడ్రంగులు బాడిసలతో రెండంతస్తుల రథాన్ని ఆరుబయటనే రూపొందిస్తారు. అంతటి దుంగ తన బరువుతో తానే కదలక పడి ఉంటుంది. చిన్న పలక అలా ఉండదు. పైగా, బాల్యం నుండి తండ్రి పక్కన కూర్చొని నేర్చినవాడి పాదానికి తెలిసిన జాగ్రత్త, నడివయస్సులో సరదాకొద్దీ ఉలి పట్టినవాడి పాదానికి తెలియదు. అతనికి బల్ల అలంకారం కాదు, రక్షణ.

జగదల్‌పూర్‌కు పశ్చిమాన, నిజామాబాదు నుండి వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి మీద గీదం ఉన్నది. అక్కడ ఒకరు ఈ పని ఆరంభించదలచి విదేశీ పుస్తకం తెరిస్తే, పైన్ కలప తెచ్చుకొమ్మని సలహా దొరుకుతుంది. బస్తరుకు ఆ చెట్టుతో ఒక పాత వైరం ఉన్నది. 1970ల దశకంలో, ప్రపంచ బ్యాంకు సాయంతో, గుగ్గిలపు అడవిని తొలగించి కాగితపు గుజ్జుకోసం పైన్ పెంచే పథకం వచ్చింది. విస్తరాకులూ, నూనె గింజలూ, ధూపమూ ఇచ్చే చెట్టును ఆదివాసులు వదులుకొంటారా? వారి ప్రతిఘటన ఫలితంగా 1980ల తొలినాళ్ళలో ఆ పథకాన్ని విరమించారు. కనుక పుస్తకాన్ని పక్కనుంచి, ఊరిలో ఉన్న కలపను చూడటం మేలు.

గుగ్గిలం బరువైనది, చెద సులభంగా పట్టనిది. బల్ల కాళ్ళకు ఇంతకన్న ఏమి కావాలి? అయితే పచ్చిగా కొంటే ఆరేటప్పుడు పగుళ్ళిస్తుంది. పడగొట్టిన ఇళ్ళ ద్వారబంధాలు, దూలాలు ఏనాడో ఆరి ఉంటాయి, వాటిని వెదకండి. కొత్త కలప తప్పనిసరైతే రసీదు లేకుండా కొనవద్దు. ఎండిన గుగ్గిలంలో మేకు వంగిపోతుంది. ముందుగా బరమాతో రంధ్రం చేయక తప్పదు.

అయిదడుగుల పొడవు, ఇరవై అంగుళాల వెడల్పు చాలు. ఎత్తుకు కొలబద్దతో పనిలేదు: నిటారుగా నిలబడి చేయి వేలాడదీసినప్పుడు మణికట్టు ముడత ఎక్కడికి వస్తుందో అక్కడికి బల్ల పైభాగం రావాలి. కాళ్ళు మూడంగుళాల చదరం ఉండాలి. చిత్రిక పట్టేటప్పుడు బల్ల పక్కకు ఊగడమే కొత్తవారిని విసిగించే విషయం. దానికి విరుగుడుగా, ముందూ వెనుకా జానెడు వెడల్పు పలకలను నిలువుగా కాళ్ళకు బోల్టులతో బిగించాలి. 1812లో లండనులో అచ్చయిన పీటర్ నికల్సన్ గ్రంథంలోని బల్ల ఈ కోవలోనిదే. బోల్టులు వేస్తే, అద్దె ఇల్లు మారినప్పుడు విప్పి తీసికొని పోవచ్చు కూడా.

పైభాగానికి రెండంగుళాల మందం గల ఏ ఎండు పలకైనా సరే. దాని అందం గురించి బెంగ వద్దు, ఎలాగూ ఉలిగాట్లు పడతాయి. ఎడమ కొసన అర అంగుళం ఎత్తుగా ఒక ఆనుడు చెక్క బిగించండి. కుడిచేతివాటం వారు తోసే పలక దానికి తగిలి ఆగుతుంది. పాదం ఇంతకాలం చేసిన ఉద్యోగం ఇకపై దానిదే.

పలకల నడుమ రూపాయి నాణెం మందాన సందు విడవాలి. కలప వానాకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది. పొడవున దాదాపు మారదు. వానలు వెనుకబట్టి గాలి పొడిబారే దసరా రోజులలో చెక్క మళ్ళీ కుదించుకొని బోల్టులు సడలుతాయి. అప్పుడొకసారి వాటిని బిగించుకోవాలి.