మన ఊరి సంగతి అడిగేవాళ్ళు కావాలి

నారాయణఖేడ్ తాలూకా 1956 నవంబర్ 1 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు బీదర్ మైసూరుకు పోయింది, ఖేడ్ వచ్చి మెదక్ జిల్లాలో కలిసింది. సర్కారు గీసిన ఆ గీతను ఇక్కడి చుట్టరికాలు ఏనాడూ పట్టించుకోలేదు. తండా నుంచి బడికొచ్చే పిల్ల ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది, బజారులో దక్కనీ అర్థం చేసుకుంటుంది, తరగతిలో తెలుగు వింటుంది, పుస్తకంలో ఇంగ్లిష్ చదువుతుంది. పక్క బెంచీ పిల్లవాడి అమ్మమ్మ ఊరు ఔరాద్ అయితే వాడికి కన్నడం కూడా వచ్చు, దెగ్లూర్ అయితే మరాఠీ.

పన్నెండేళ్ళకే ఇన్ని భాషల మధ్య తిరిగే ఈ పిల్లల చెవిన అంతర్జాతీయ విద్యార్థి మార్పిడి అనే మాట మాత్రం పడదు. అది హైదరాబాద్‌లో లక్షల ఫీజుల బడుల వ్యవహారమని తల్లిదండ్రులే కాదు, సార్లు కూడా అనుకుంటారు. నిజానికి ఆ గోడకు ఎప్పుడో సందు పడింది. అమెరికా విదేశాంగ శాఖ ఖర్చుతో నడిచే కెనెడీ-లూగర్ ‘యెస్’ కార్యక్రమం కింద మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు కొందరు అక్కడి కుటుంబాల్లో ఉండి ఒక ఏడాది హైస్కూలు చదివి వచ్చారు. ఇన్‌స్పైర్ సైన్స్ పోటీల్లో నెగ్గిన సర్కారు బడి పిల్లలు, జపాన్ 2014లో మొదలుపెట్టిన ‘సకురా’ సైన్స్ కార్యక్రమంలో అక్కడి విశ్వవిద్యాలయాలు, ప్రయోగశాలలు చూసి వచ్చారు. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బడుల నుంచి పది మంది పిల్లలను న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి కార్యాలయానికి పంపింది. కూలికిపోయే ఇళ్ళ పిల్లలు ఆ మెట్లెక్కడం చిన్న సంగతి కాదు. ఆ ఫొటోలు చూసినప్పుడు నాకు గుండె నిండింది.

కానీ విమానం ఎక్కేది పది మంది. బడిలో మిగిలిపోయిన లక్షల మందికి దక్కేదేమిటి? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే, వెళ్ళివచ్చిన పిల్లలకు అసలు లాభం ఎక్కడ కలిగిందో చూడాలి. ‘యెస్’ పిల్లలు ఏటా నవంబరులో వచ్చే అంతర్జాతీయ విద్యా వారంలో తమ దేశం గురించి అమెరికా బడుల్లో చెప్పాలి. మీ ఇంట్లో ఏం తింటారు, మీ ఊళ్ళో పెళ్ళి ఎట్లా జరుగుతుంది, మీ చదువు ఏ భాషలో అని అక్కడి పిల్లలు అడుగుతారు. జవాబు చెప్పబోయేసరికి, పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతే తనకు సగం తెలియదని పిల్లకు అర్థమవుతుంది. అమ్మకు ఫోన్ చేసి కనుక్కుంటుంది. నా దృష్టిలో ఈ కార్యక్రమాల ప్రాణమంతా అక్కడే ఉంది. ఎత్తైన భవనాలు చూడటం కంటే, ఏమీ తెలియని మనిషికి మన ఊరిని వివరించాల్సి రావడం పెద్ద చదువు. దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

మన హైస్కూళ్ళలో ప్రాజెక్టు పనులు ఇప్పటికే ఉన్నాయి. ఫార్మేటివ్ పరీక్షలో వాటికి అయిదు మార్కులు. అవి చాలా చోట్ల ఎట్లా తయారవుతాయో చెప్పనక్కర్లేదు: గైడులో చూసి ఎక్కించిన నాలుగు పేజీలు, దుకాణంలో కొన్న బొమ్మల చార్టు. పిల్లల బద్ధకం దీనికి కారణమని నేననుకోను. ఆ నాలుగు పేజీలు చదివేది బడి సార్ ఒక్కరే, అందులోని సంగతి ఆయనకు ముందే తెలుసు. తెలిసినవాడికి మళ్ళీ చెప్పడంలో ఏ పిల్లకైనా ఉత్సాహం ఎట్లా వస్తుంది? అదే పేజీలు ఇథియోపియాలోనో జపాన్‌లోనో ఒక తరగతికి వెళ్తాయంటే, వాళ్ళు తిరిగి ప్రశ్నలు పంపుతారంటే, ఎక్కించి రాసింది పనికిరాదు. గైడు రాసినవాడికి ఖేడ్ దగ్గరి మనూరు మండలం తెలియదు కదా.

జొన్న సంగతే తీసుకోండి. ఖేడ్ ఇళ్ళలో రొట్టె చప్పుడు వినని పూట ఉండదు. అయితే జొన్న పుట్టిల్లు ఆఫ్రికా. నేటి సూడాన్ తూర్పు ప్రాంతంలో వేల ఏళ్ళ కిందట మనుషులు దాన్ని సాగులోకి తెచ్చారు. ఇథియోపియాలో ఇప్పటికీ అది ముఖ్యమైన పంట. ఇక్కడి కంగ్టి పిల్లలు తాము తినే రొట్టె గురించి రాసి అక్కడి బడికి పంపితే, వాళ్ళు తమ జొన్నను ఎట్లా దాచుకుంటారో, ఎట్లా వండుకుంటారో రాస్తే, రెండు తరగతులూ ఒకే గింజను రెండు వైపుల నుంచి పట్టుకుంటాయి. అది సైన్సు, సాంఘికం, ఇంగ్లిష్ మూడూ అవుతుంది. రొట్టె చేసే తల్లి ఆ పాఠంలో పంతులమ్మ అవుతుంది.

మంజీర నది గురించి రాసినా అంతే. బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, మూడు రాష్ట్రాల నేలను తడిపి, సింగూరు దగ్గర ఆగి, అక్కడి నుంచి పైపుల్లో హైదరాబాద్ కుళాయిలకు కూడా పోతుంది. ఇదంతా చదివిన దూరదేశపు పిల్ల అడిగే మొదటి ప్రశ్న ఊహించవచ్చు: మీ పక్కన పారే నీళ్ళు ముందు మీకా, పట్నానికా? మన పాఠ్యపుస్తకం అడగని ప్రశ్న అది. దానికి జవాబు వెతికే పిల్లలు చెరువు కట్ట మీదికి పోతారు, పెద్దవాళ్ళను నిలదీస్తారు.

టీచర్ల వైపుకు వస్తే, లాభం ఇంకా పెద్దదని నా నమ్మకం. పంజాబ్ ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో 36 మంది ప్రిన్సిపాళ్ళను సింగపూర్‌కు, 2024లో 72 మంది ప్రాథమిక టీచర్లను ఫిన్లాండ్‌కు శిక్షణకు పంపింది. మంచిదే. కానీ ఈ ప్రయాణాలన్నిటి వెనక ఒక ఊహ ఉంది: వాళ్ళకు తెలుసు, మనం నేర్చుకోవాలి. ఈ ఊహ తప్పని తెలుగు నేల మీదే రుజువైంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరి నుంచి చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపారు. ఒకే గదిలో అయిదు తరగతులు, ఒక్కరే టీచరు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, కార్డుల మీద రాసి, ప్రతి పిల్లా తన వేగంతో నిచ్చెన ఎక్కేలా వాళ్ళొక పద్ధతి తయారుచేశారు. దాన్ని అధ్యయనం చేయడానికి జర్మనీలోని రేగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ పల్లె బడులకు వచ్చారు, తమ టీచర్ల శిక్షణలోకి తీసుకుపోయారు.

ఖేడ్ తండాల్లో ఒక్క టీచరుతో నడిచే బడులెన్నో. రెండో తరగతికి లెక్క ఇచ్చి, నాలుగో తరగతికి పాఠం చెప్పి, ఈ మధ్యలో లంబాడీ తప్ప వేరే మాట తెలియని ఒకటో తరగతి పిల్లను లాలించే ఆ టీచరు రోజూ ఏం చేస్తున్నదో ఎవరూ రాసిపెట్టలేదు. ఆమె కూడా అదొక విద్య అనుకోదు, కష్టమనుకుంటుంది. వలస వచ్చిన కుటుంబాల పిల్లలతో తరగతులు నిండుతున్న యూరప్ టీచర్లకు ఇవాళ సరిగ్గా ఇదే సమస్య: ఇంటి భాష వేరు, బడి భాష వేరు. వాళ్ళలో ఒకరు నెలకోసారి ఆమెతో మాట్లాడి, మీరిది ఎందుకిలా చేస్తారని అడిగితే, తన పని తనకు కొత్తగా కనిపిస్తుంది. స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఫారాలు నింపడంతో అలిసిపోయిన మనిషికి, తన పని గురించి ఆసక్తితో అడిగే ఇంకో టీచరు దొరకడం ఎంత బలమో ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకే తెలుసు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. బడుల మధ్య ఇలాంటి స్నేహాలు తొందరగా దానంగా మారిపోతాయి. అవతలి బడి పెన్సిళ్ళ డబ్బా పంపుతుంది, మన బడి పిల్లలను వరసగా నిలబెట్టి ఫొటో తీసి పంపుతుంది. ఆ రోజుతో ఇచ్చిపుచ్చుకోవడం చచ్చిపోతుంది. మొదటి ఉత్తరంలోనే ఒప్పందం చేసుకోవాలి: వస్తువులు వద్దు, ప్రశ్నలు కావాలి.

ఇక ఏర్పాట్లు. హైస్కూళ్ళకు ఐఎఫ్‌పీ అనే పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. ఇథియోపియా గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక, జపాన్‌ది మూడున్నర గంటలు ముందు. రెండు దేశాలతోనూ బడి వేళల్లోనే కలిసి కూర్చోవచ్చు. అమెరికాతో కుదరదు, ఉత్తరాలే గతి. రాసే భాష తప్పుల్లేని ఇంగ్లిషే కానక్కర్లేదు. పిల్ల లంబాడీలో చెప్పింది పక్క పిల్ల తెలుగులో పెట్టి, ఇంకొకరు ఇంగ్లిష్ చేస్తే చాలు. ఖేడ్ తరగతి గదిలో ఆ పని రోజూ జరుగుతూనే ఉంది.

అన్నిటికంటే ముఖ్యం కాలం. దసరా దాటిందంటే తండాల నుంచి చెరకు నరకడానికి బండ్లు కదులుతాయి. వలసపోయే ఇళ్ళ పిల్లల కోసం పెట్టిన సీజనల్ హాస్టల్‌లో చోటు దొరకని పిల్లలు వాటిలో ఎక్కిపోతారు. అందుకే ప్రాజెక్టు జూన్‌లో బడి తెరిచిన వారంలోనే మొదలవ్వాలి. ఏప్రిల్‌లో బడులు తెరిచే జపాన్ దానికి సరిపోతుంది. వెళ్ళిన పిల్ల పేరు మాత్రం జట్టులోంచి కొట్టెయ్యకూడదు. నాన్న ఫోన్‌లో నుంచి, చెరకు తోట పక్కన గుడిసె దగ్గర కూర్చుని ఆ పిల్ల పంపే నాలుగు మాటల కోసం అవతలి తరగతి ఎదురు చూస్తుంటుంది. తిరిగొచ్చేదాకా ఆమె కోసం ఎదురు చూసే తరగతి ఇప్పటిదాకా ఆమెకు లేదు.