గుమ్మం దాకా వచ్చినవాళ్ళు

మొన్న మా మనవడు జిల్లా బాస్కెట్‌బాల్ పోటీల నుంచి వచ్చి, బూట్లు ఓ మూలకు గిరాటుపెట్టి, అన్నం వద్దన్నాడు. వరసగా మూడో ఏడు వాళ్ళ జట్టు ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయిందట.

"ఇంతకంటె మొదటి ఆటలోనే ఓడిపోతే నయం తాతయ్యా! రెండోవాణ్ణి ఎవరు తలుస్తారు?" అన్నాడు.

ఓదార్చే విద్య నాకు చేతకాదు. ఆటల లెక్కలు రాసుకునే పాత జబ్బు మాత్రం వుంది. యూరప్ క్లబ్బుల బాస్కెట్‌బాల్ పోటీ లెక్కలు తీశాను.

ఆ పోటీ 1958లో మొదలైంది. 1988 నుంచి, ఒకటి రెండేళ్ళు మినహా, చివరికి మిగిలిన నాలుగు జట్లూ ఒకే వూళ్ళో చేరి మూడు రోజుల్లో విజేతను తేల్చుకుంటాయి. దానికి ఫైనల్ ఫోర్ అని పేరు. ఏడాది పొడుగునా పడ్డ పాటు రెండు ఆటల్లో తేలిపోతుందన్నమాట!

మాస్కో వారి సి.ఎస్.కె.ఏ. జట్టును చూడండి. 2003 నుంచి 2019 దాకా 17 ఏళ్ళలో 16 సార్లు ఆ నలుగురిలో నిలిచింది. కప్పు దక్కింది 4 సార్లే. 2012లో ఇస్తాంబుల్ ఫైనల్లో 19 పాయింట్లు ముందుండి కూడా, ఆఖరి క్షణంలో ఒలింపియాకోస్ చేతిలో 62–61తో ఓడింది. ఆ రాత్రి వాళ్ళలో ఎంతమంది అన్నం తిన్నారో!

బార్సెలోనా సంగతి మరీ అన్యాయం. 1984, 1990, 1991, 1996, 1997 — అయిదు ఫైనళ్ళూ ఓడింది. 1996లో ఒక్క పాయింటు తేడా. చివరికి 2003లో, సొంత వూళ్ళోనే, మొదటి కప్పు ఎత్తింది.

"చివరికి గెలిచారుగా! గెలవకపోతే?" అన్నాడు మావాడు.

అడగవలసిన ప్రశ్నే. నేను కాసేపు తడుముకున్న మాట నిజం. అప్పుడు ఇటలీలోని వరేసే గుర్తుకొచ్చింది. మిలాన్‌కు దగ్గర్లో చిన్న పట్నం. ఆ వూరి జట్టు 1970 నుంచి 1979 దాకా వరసగా 10 ఫైనళ్ళు ఆడింది. అయిదు గెలిచింది, అయిదు ఓడింది.

"ఓడిన అయిదూ కొట్టేస్తే ఏం మిగులుతుందిరా?" అన్నాను.

"అయిదు కప్పులు."

"అవును. కాని వరసగా పదేళ్ళన్న మాట మిగలదు. ఆ వరసను తెగకుండా నిలబెట్టినవి ఓడిన ఫైనళ్ళు కూడాను."

వాడు కాస్త ఆలోచించి, "మరి వచ్చే ఏడు మేం ఫైనల్‌కే వెళ్ళకపోతే?" అన్నాడు.

"అప్పుడు మానెయ్యి అన్నం. ఇవాళ మాత్రం లేచి కాళ్ళు కడుక్కో."