ఆగిపోయిన పనులు

రాగిసంగటి ముద్ద తుంచి, ఊరుబిండి అద్దుకుని నోట పెట్టుకోవడం కర్నూలు, కడప పల్లెల్లో పసివాళ్లకూ వచ్చిన విద్యే. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోతే ఆ పని కోడలిదో, భార్యదో అయిపోతుంది. ప్రేమతోనే తినిపిస్తారు. నెలలు గడిచి వేళ్లు కాస్త కదిలినా, ఆ పని మాత్రం మళ్లీ ఆయన చేతికి రాదు.

ఆక్యుపేషనల్ థెరపీ అక్కడే మొదలవుతుంది. పొద్దున లేచింది మొదలు మీకు ఏ పని ఆగిపోయిందని థెరపిస్టు అడుగుతారు. సంగటి తినడమే అంటే, అంచు ఎత్తుగా ఉన్న పళ్లెం తెప్పించి, అది జారకుండా కింద తడిగుడ్డ పరిపిస్తారు. పట్టు చాలకపోతే స్పూను కాడకు గుడ్డ చుట్టి లావు చేస్తారు. చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చేతికి, విప్పేటప్పుడు చివర ఆ చేతి నుంచి. బుడ్డలు (వేరుశనగ కాయలు) ఒలిచి బతికిన మనిషికి గుప్పెడు బుడ్డలే ముందు పెట్టవచ్చు. బొటనవేలు, చూపుడువేలు కలిసి నొక్కే బలం అందులోనే వస్తుంది, మనసూ నిలుస్తుంది.

పిల్లల సంగతి ఇంకా సున్నితం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు బడి వేళకు గుండీలన్నీ అమ్మే పెట్టేస్తుంది. ఆమె తొందర ఆమెది, తప్పు పట్టలేం. కానీ చివరి గుండీ ఒక్కటి బిడ్డకు వదిలితే, అది వచ్చాక చివరి రెండూ వదిలితే, చొక్కా వేసుకోవడం మెల్లగా బిడ్డ పనే అవుతుంది. మండలాల్లో సర్కారు నడిపే భవిత కేంద్రాలకు వచ్చేది ఇలాంటి పిల్లలే.

అమెరికాలో పుట్టి మన దేశపు కోడలైన కమలా నింబ్కర్ 1950లో బొంబాయి కెఇఎం ఆసుపత్రిలో ఈ విద్య నేర్పే బడి పెట్టారు. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ఈ వృత్తిని గుర్తించింది. మన పల్లెల్లో మాత్రం ఫిజియోథెరపీ తెలిసినంతగా దీని పేరు తెలియదు.

సదరం శిబిరంలో వైకల్యాన్ని శాతాల్లో కొలుస్తారు. నలభై, ఆపైన ఉంటే పింఛను అర్జీ కదులుతుంది. నెలకు 6,000 రూపాయలు పేద ఇంటికి పెద్ద ఆసరా, అది ఉండి తీరాలి. అయితే బస్సెక్కి అంతదూరం వచ్చిన ఆ కుటుంబంతో అదే రోజు ఒక థెరపిస్టు కాసేపు కూర్చుంటే, ఇంట్లో రేపటి నుంచే చేయగలిగినవి ఎన్నో చూపించవచ్చు. సర్కారు ముందుగా ఆ కుర్చీ ఒకటి వేయించాలి. భవిత కేంద్రాలకు కనీసం వారానికోసారైనా థెరపిస్టును పంపాలి.