టబ్బులో బేజుబాన్

మొన్న బక్రీద్‌కు నాలుగు రోజుల ముందే మేకను తెచ్చాం. తెచ్చినప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ దాని ఖిద్మతే పని. నీళ్లు పెట్టారా, నీడకు కట్టారా, రావి కొమ్మ వేశారా అని నేనే పదిసార్లు అడిగుంటాను. పదో తరగతి చదివే మా బేటీ నా వంక చూసి మెల్లగా అంది: "అబ్బా, నాలుగు రోజుల మెహమాన్‌కు ఇంత చేస్తున్నావ్. బాల్కనీలో ఎనిమిదేళ్లుగా ఉన్నదాన్ని ఎప్పుడైనా చూశావా?"

జవాబు లేదు నా దగ్గర.

బాల్కనీలో ఉన్నది కఛువా. తాబేలు. మా బేటీ రెండో తరగతిలో ఉన్నప్పుడు ఈదీ డబ్బులతో అక్వేరియం దుకాణంలో కొనిపించింది. అప్పుడు పాత రూపాయి బిళ్లంత ఉంది, పచ్చగా, చెవుల దగ్గర ఎర్ర గీతతో. "ఇంతే ఉంటది సాబ్, పెరగదు, ఖర్చు లేదు" అన్నాడు దుకాణంవాడు. ఇంట్లో ఉంటే బర్కత్ అని పక్కింటివాళ్లూ అన్నారు. ఒక ప్లాస్టిక్ టబ్బులో వేసి, రోజూ నాలుగు గింజల మేత, ఒక్కోసారి అన్నం మెతుకులు, బ్రెడ్ ముక్క. ఇప్పుడు అది జానెడు పొడవుంది. టబ్బు మాత్రం అదే. తిరగాలంటే డిప్ప గోడకు రాసుకుంటుంది.

ఆ రోజు చేతిలోకి తీసుకుని చూశాను. కళ్లు వాచి మూసుకుపోయాయి. డిప్ప అంచు నొక్కితే మెత్తగా వంగింది. ఊళ్లలో కరువొస్తే పశువుల హాలత్ మీద కథనాలు రాసినవాణ్ణి. నా బాల్కనీలో సంగతి నా నజర్‌కు రాలేదు.

పాకే జంతువులు తెలిసిన పశువైద్యుణ్ణి వెతుక్కుని తీసుకెళ్లాం. విటమిన్ ఏ తక్కువై కళ్లు వాచాయని, ఎండ, కాల్షియం లేక డిప్ప మెత్తబడిందని చెప్పారు. మందులు ఇచ్చి ఒక మాట అన్నారు: "ఈ జబ్బు మందులతో పోదు, టబ్బు మారితే పోతుంది."

ఈ జాతిని రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. దాని అసలు వతన్ అమెరికాలోని మిసిసిపీ నది ప్రాంతం. సరిగా చూసుకుంటే 20, 30 ఏళ్లు బతుకుతుంది, పావు మీటరు దాకా పెరుగుతుంది. నీళ్లలో ఈదాలి, పొడిగట్టు మీదకెక్కి ఎండ కాగాలి. రెండూ దాని హక్కు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఒంటికి తగిలితేనే తిన్న కాల్షియం డిప్పకూ ఎముకలకూ పడుతుంది. కిటికీ అద్దం లోపల పెట్టి ఎండ తగిలిందనుకుంటే ధోకాయే, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది.

మేం చేసింది పెద్ద ఖర్చు పనేం కాదు. పాత 500 లీటర్ల నీళ్ల ట్యాంకును సగానికి కోయించి మేడ మీద పెట్టాం. డిప్ప పొడవుకు ఒకటిన్నర రెట్లైనా లోతు నీళ్లు. ఎక్కి కూర్చోడానికి ఇటుకలు పేర్చి పైన రాతిపలక. సగం మీద ఎండ, సగం మీద నీడ, ఎందుకంటే మన ఎండాకాలంలో నీడ లేకపోతే అదే ఉడికిపోతుంది. పిల్లులు, కాకులు రాకుండా జాలీ. చిన్న ఫిల్టర్, వారానికోసారి సగం నీళ్ల మార్పు. అన్నం, బ్రెడ్ బంద్. పెద్దదైంది కాబట్టి ఆకుకూరలు, నీటి మొక్కలు ఎక్కువ, గింజల మేత తక్కువ, కాల్షియానికి కటిల్ బోన్ ముక్క. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగడం. సాల్మొనెల్లా అనే క్రిమి వీటి ఒంటి మీద ఉండొచ్చు. పిల్లలకు ఆ జబ్బు అంటుతోందనే అమెరికాలో 1975లో నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని ఆపేశారు. అందుకే ఆ నీళ్లను వంటగది సింకులో పారబోయొద్దు.

పిల్లిని కట్టేసి చంపిన ఔరత్ గురించిన హదీసు మనకందరికీ చిన్నప్పుడే చెప్పారు. మేం మేత వేస్తూనే ఉన్నాం కదా, అది మాకు వర్తించదు అనుకునేవాణ్ణి. ఇప్పుడు అట్లా అనిపించడం లేదు. బయట ఉంటే అది తన రిజ్క్ తనే వెతుక్కునేది, ఎండ కావాలంటే ఎండలోకి పోయేది. ఆ రాస్తా మూసింది మనం. మూసినాక నాలుగు గింజలు వేసి జిమ్మేదారీ తీరిందంటే ఎట్లా? కుక్క మొరుగుతుంది, పిల్లి కాళ్లకు అడ్డం పడుతుంది, కోళ్లు గోల చేస్తాయి. కఛువా ఏమీ అనదు. అందుకే దానికి జరిగే జుల్మ్ ఇన్నేళ్లు సాగిపోతుంది.

ఇది చదివి కొందరికి దాన్ని చెరువులో వదిలేసి ఆజాద్ చేద్దామనిపించొచ్చు. దయచేసి ఆ పని చేయకండి. ప్రపంచంలో ఎక్కువ నష్టం చేసే వంద పరాయి జాతుల జాబితాలో ఇది ఉంది. మన చెరువుల్లోని దేశీ తాబేళ్ల తిండినీ జాగానూ లాగేసుకుంటుంది. ఒకదానికి రహమ్ చేశామనుకుంటూ వందకు అన్యాయం చేసినట్టు. సాకలేకపోతే బాగా సాకగలవాళ్లకు ఇవ్వండి.

డిప్ప మీద పసుపు చుక్కల గీతలున్న నక్షత్ర తాబేలు మీ ఇంట్లో ఉంటే మాత్రం సంగతి వేరు. అది నేల మీద బతికే మన అడవి జీవం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. దానికి మంచి టబ్బు వెతకొద్దు, అటవీ శాఖకు ఫోన్ చేసి అప్పగించండి.

పిల్లలను నిందించొద్దు. ఏడేళ్ల పిల్ల ముచ్చట పడి అడుగుతుంది, డబ్బులిచ్చి కొనిచ్చేది మనం. వచ్చే ఈద్‌కు మీ పిల్లలు అక్వేరియం దుకాణం ముందు ఆగితే, ఇది నీ పెళ్లయ్యేదాకా బతుకుతుంది బేటా అని చెప్పండి. అంత అమానత్ మోయలేమనిపిస్తే చేయి పట్టుకుని ముందుకు నడవండి.

మాదానికి ఒక కన్ను పూర్తిగా తెరుచుకుంది. రెండోది ఇంకా వాపే. డిప్ప గట్టిపడటానికి నెలలు పడుతుందన్నారు. పొద్దున ఫజర్ తర్వాత మేడెక్కితే రాతిపలక మీదకు వచ్చి మెడ చాపి ఉంటోంది, ఇంకా రాని ఎండ కోసం.