పొగడ్త కాదు, వినికిడి కావలెను

తెలుగును ‘ప్రాచ్య ఇటాలియన్’ అని పొగడుకొనుట మనకు పరిపాటి. రెండు భాషలలోను పదములు ప్రాయికముగా అచ్చుతో ముగియుటయే అందుకు కారణము. కాని పోలిక అంతటితో ఆగదు.

విజయనగరము చెంతనున్న నెల్లిమర్ల పేరునే చూడుడు. వ్రాతలో అది నె-ల్లి-మ-ర్ల, ఉచ్చారణలో నెల్-లి-మర్-ల. ఇటలీవారు పంక్తి చివర పదమును విరుచునప్పుడు ఉచ్చారణనే అనుసరింతురు. బంతి అను అర్థముగల ‘పల్ల’ వారికి పల్-ల. అందొక లకారము తొలగిన అది ‘పాల’, అనగా పార. మనకును కల వేరు, కల్ల వేరు.

భేదమును కలదు. వారి భాషలో ఊనిక అర్థమును మార్చును. మొదట ఊనిన ‘ఆంకొర’ లంగరు. నడుమ ఊనిన ‘అంకోర’ ఇంకను అని అర్థము. తెలుగున ఆ పని హ్రస్వదీర్ఘములది, ద్విత్వములది. పదనిర్మాణమునను అంతే. వారు ‘బార్’, ‘స్పోర్ట్’ వంటి పరభాషాపదములను హలంతములుగనే ఉంచుకొనిరి. మనము ‘మిల్’ను మిల్లు చేసికొంటిమి. నెల్లిమర్ల జనపనార మిల్లే సాక్షి.

సంయుక్తాక్షరమునకు ముందున్నది గురువని విద్యార్థి అప్పగించును. ఏల గురువో ఎరుగడు. ‘నెల్’ అని మూసికొన్న ధ్వనికి రెండు మాత్రల కాలము పట్టును గనుక. 1910లో గురజాడ అప్పారావుగారు ముత్యాల సరమును నడపినది ఈ మాత్రల లయపైననే.

ఉపాధ్యాయులు సూత్రమునకు ముందు ఊరిపేరును పలికించి, తాళము వేయింతురుగాక. ఛందస్సు భయపెట్టు పాఠము కాక, బాలుని నోటిలోనిదే యగును.