శుక్రవారం సాయంత్రం ఎవరిది?

తెర మీద ఆటలాడిస్తే టీము దగ్గరవుతుందన్న నమ్మకం 2020లో కోవిడ్‌తో పాటే ఊపందుకుంది. కహూట్ క్విజ్‌లు, అమాంగ్ అస్, ఆన్‌లైన్ ఎస్కేప్ రూములు, జూమ్‌లో హ్యాపీ అవర్లు. మీరూ ఏదో ఒకదాంట్లో కూర్చునే ఉంటారు. ఆఫీసులు మళ్ళీ తెరిచాక కూడా ఇవి పూర్తిగా పోలేదు. మన ప్రాజెక్టుల్లో పోవు కూడా. సగం టీము ఇక్కడ అమెరికాలో, సగం హైదరాబాదులో ఉన్నప్పుడు, వారానికి ఐదురోజులూ ఆఫీసుకెళ్ళినా మనం చేసేది రిమోట్ పనే కదా!

ఇదంతా దండగ అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ఇంజనీర్ల బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ వాళ్ళ మధ్య మాటలు గబగబా తగ్గిపోతాయని ఎమ్ఐటీలో థామస్ ఆలెన్ 1977 నాటికే పుస్తకం రాశాడు. 2020 మొదటి ఆర్నెల్లలో 61,182 మంది అమెరికాలోని మైక్రోసాఫ్ట్ ఉద్యోగుల ఈమెయిళ్ళూ, మీటింగులూ, కాల్స్ లెక్కలు తీసి 2021లో అచ్చువేసిన పరిశోధన కూడా ఇంచుమించు ఆ దారిలోనే ఉంది. అందరూ ఇళ్ళనుంచి పనిచేసేసరికి ఎవరి గుంపు వాళ్ళదైపోయింది, గుంపుకీ గుంపుకీ మధ్య రాకపోకలు తగ్గాయి. కాబట్టి రోగం నిజమే. మందు సంగతే చూడాలి.

తూర్పు తీరంలో శుక్రవారం సాయంత్రం నాలుగంటే, వేసవిలో హైదరాబాదులో అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. పోనీ దయతలచి మధ్యాహ్నం పన్నెండుకి పెట్టారనుకోండి, అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. పిల్లల్ని పడుకోబెట్టే వేళ. పైగా అప్పటికే ఒక స్టేటస్ కాల్ అయ్యుంటుంది. ఇన్వైట్‌లో మేనేజరు ఆప్షనల్ అనే రాస్తాడు. మన దగ్గర పెరిగినవాళ్ళకి పైవాడి పిలుపు ఎంత ఆప్షనలో మీకు వేరే చెప్పక్కర్లేదు.

నేను పనిచేసిన ఒక క్లయింటు దగ్గర ఇలాగే క్విజ్ పెట్టారు. ప్రశ్నలన్నీ సూపర్ బౌల్ గురించీ, తొంభైల నాటి అమెరికన్ టీవీ సీరియళ్ళ గురించీ. మా హైదరాబాదు టీములో ఒకమ్మాయి ఉంది. ప్రొడక్షన్‌లో ఏది పడిపోయినా ముందు ఫోన్ వెళ్ళేది ఆమెకే. గంటసేపు మ్యూట్‌లో, నవ్వుమొహం పెట్టుకుని కూర్చుంది. చివర్లో తెర మీద లీడర్‌బోర్డు వేస్తే ఆమె పేరు అట్టడుగున! ఎవరు లోపలివాళ్ళో, ఎవరు బయటివాళ్ళో రంగుల్లో బొమ్మగీసి చూపించినట్టయింది. క్లయింటు డైరెక్టరు ఆమె మొహం చూసింది ఆ గంటలోనే. ప్రమోషన్ల లిస్టో, ఉద్యోగాలు తీసేసే లిస్టో ముందుకొచ్చినప్పుడు ఆయనకి ఆమె గురించి గుర్తొచ్చేదేమిటి?

ఇక కన్సల్టెంట్ల సంగతి. టైంషీట్‌లో ఆ గంటకి కోడ్ ఉండదు, శనివారం పనితో పూడ్చుకోవాలి. కొన్నిచోట్ల అసలు పిలవనే పిలవరు. దీని వెనక కొంత చరిత్ర ఉంది. ఏళ్ళ తరబడి పనిచేయించుకుని మాకు ఉద్యోగుల సదుపాయాలు ఇవ్వలేదని తాత్కాలిక సిబ్బంది వేసిన దావాలో మైక్రోసాఫ్ట్ 2000లో సుమారు 9.7 కోట్ల డాలర్లకి రాజీపడింది. అలాంటి కేసుల తర్వాత, కాంట్రాక్టర్లు ఉద్యోగుల్లా కనబడకూడదని పార్టీ పిలుపుల దగ్గర్నుంచీ జాగ్రత్తపడే కంపెనీలు ఎక్కువయ్యాయి. లాయర్ల భయం అర్థమవుతుంది. కానీ కోడ్‌లో సగం రాసినవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టి, లోపల టీమ్ స్పిరిట్ గురించి ఉపన్యాసమేమిటి?

వీడియో అలసట సంగతి స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ 2021లో విడమర్చి రాశాడు. అందరూ మన కళ్ళలోకే చూస్తున్నట్టుండడం, మన మొహం మనకే అద్దంలోలా కనబడుతూండడం, కుర్చీలోంచి కదల్లేకపోవడం, సైగల కోసం అదనంగా తంటాలు పడడం. రోజంతా ఈ నాలుగూ భరించినవాడికి వినోదం పేరుతో అయిదో గంటా అదే తెర!

అయితే ఏం చెయ్యాలి? మరో ప్రాజెక్టులో మేము క్విజ్ ప్రశ్నలు తయారుచేసే పని ఒక్కో నెల ఒక్కో ఊరికిచ్చాం. కాల్ ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నరకి, అంటే వేసవిలో అక్కడ సాయంత్రం ఆరుకి. అరగంటే. కెమెరా ఎవరిష్టం వాళ్ళది. హైదరాబాదు వంతు వచ్చినప్పుడు క్రికెట్టూ, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లూ వచ్చాయి. ఈసారి గుండుసున్నా మావాళ్ళ బాసుకి. ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో ఆయనకి వివరించడానికే పది నిమిషాలు పట్టింది. ఆ వివరించినవాడు అంతకుముందు కాల్స్‌లో ఎస్, నో తప్ప మాట్లాడి ఎరగడు. తర్వాతి వారం డిజైన్ రివ్యూలో అదే బాసుతో, మీ డేటాబేస్ స్కీమా తప్పండీ అన్నాడు. తప్పే కూడా.

రోజుకో ఎత్తు వేసే ఆన్‌లైన్ చదరంగం ఇంకా నయం. దానికోసం ఎవరూ నిద్ర మేలుకోనక్కర్లేదు.

మీరు ఆన్‌సైట్ లీడ్ అయితే, ఈసారి అలాంటి ఇన్వైట్ వచ్చినప్పుడు ఆ గంటకి టైంషీట్ కోడ్ ఏమిటో రిప్లైలో అడిగి చూడండి. ఆఫ్‌షోర్ వాళ్ళు అడగలేరు.