వరుస ఒకటే, మాట వేరు

అమెరికా దక్షిణ రాష్ట్రములలో పుట్టి, నాష్‌విల్ నగరమును రాజధానిగా చేసికొన్న జానపదపు బాణీకి కంట్రీ సంగీతమని పేరు. 1952లో హాంక్ థాంప్సన్ అను గాయకుడు, ఇల్లు విడిచి మధుశాలల వెలుగులకు మరలిన స్త్రీని నిందించుచు ఒక పాట పాడినాడు. అది దేశమెల్ల మారుమ్రోగినది. అదే యేడు కిట్టీ వెల్స్ అను ముగ్గురు బిడ్డల తల్లి, అదే వరుసలో బదులు పాడినది. స్త్రీ దారి తప్పినదందురే, పెండ్లియయ్యును కానట్లు తిరుగు మగవాని పాలెంత అని ఆ పాట అడిగినది. ఎన్.బి.సి. రేడియో దానిని నిషేధించినది. అయినను కంట్రీ పాటల పట్టికలో అది ప్రథమస్థానమున నిలిచినది; ఒంటరిగా పాడి ఆ స్థానమందిన తొలి స్త్రీ ఆమెయే. చిత్రమేమన, ఆ బదులు వ్రాసినవాడును జె.డి. మిల్లర్ అను పురుషుడే!

స్త్రీకి జరిగిన అన్యాయమును గూర్చి పలువురు చెప్పియున్నారు. నా చింత మగవానిని గూర్చియు. 1949లో హాంక్ విలియమ్స్ పాడిన ఏకాంత గీతములో పురుషుడు తన దుఃఖమును దాచుకొనలేదు. అందువలన ఆయన మగతనమునకు లోటు వచ్చినదని ఎవ్వరును అనలేదు. 1953 జనవరి 1న, 29వ యేట ఆయన మరణించినాడు. అరువదేండ్లు గడచునప్పటికి ఆ పాటలోని మగవానికి మిగిలినవేమి? ట్రక్కు, బీరు, ప్రక్కన బిగుతు జీన్సు తొడిగిన పేరులేని పిల్ల. జోడీ రోజెన్ అను విమర్శకుడు 2013లో దీనికి 'బ్రో కంట్రీ' అని పేరు పెట్టినాడు. ఇది పౌరుషము కాదు, పౌరుషపు అంగడి. దానిని విని పెరిగిన కుర్రవాడు తన దుఃఖమును ఏ పాటలో పెట్టుకొనవలెను? (బడిలో కంటనీరు పెట్టిన బాలుని "ఆడపిల్లవలె ఏడ్చెదవేమిరా" అని గద్దించు మనకును ఈ ప్రశ్న తగులును.)

2014లో మ్యాడీ, టే అను ఇరువది నిండని యువతులిద్దరు ఆ పేరులేని పిల్ల పక్షమున ఎగతాళి పాట కట్టి, రేడియో పట్టికలో అగ్రస్థానము నందిరి. మరుసటి యేడే ఒక రేడియో సలహాదారు, శ్రోతలు కావలెనన్న స్త్రీల పాటలు తగ్గింపుడని బోధించినాడు: ఈ సంగీతమను సలాడ్‌లో పురుషులు ఆకుకూరయట, స్త్రీలు అక్కడక్కడ వేయు టమాటాలట! మనవారు కూరలో కరివేపాకు అందురు.

కిట్టీ వెల్స్, థాంప్సన్ పాడిన ఆ వరుస నిజమునకు ఇద్దరిదియు కాదు. 1929లోనే కార్టర్ కుటుంబము వేరొక మాటలతో దానిని రికార్డు చేసినది. అందు ప్రధాన గాత్రము సారా కార్టర్ అను స్త్రీది.